కమ్మరి హెన్రీ మాడ్‌స్లే

మహాపురుషుల చరిత్రములనగానే మనకు రాజులు, సేనానులు, కవులు, సంస్కర్తలు స్ఫురింతురు. కొలిమి యొద్ద పెరిగి, ఆకురాయి చేతబట్టి, నూనె మరకల వస్త్రములతో దినములు గడపినవానిని ఆ వరుసలో నుంచుట అరుదు. అయినను కుట్టుమిషను మొదలుకొని రైలింజను వరకు మన మెఱిగిన లోహయంత్రము లన్నియు ఒక ఇంగ్లీషు కమ్మరికి ఋణపడియున్నవి. అతని పేరు హెన్రీ మాడ్‌స్లే. యంత్రములు చేయువారు అతనికి పూర్వమును పెక్కుండ్రుండిరి. యంత్రములను చేయు యంత్రములను నిర్దుష్టముగా చేసినవారిలో నితడు అగ్రగణ్యుడు.

నేడు ఉత్సాహవంతులగు యువకులు కొందఱు చిన్న మోటారును, పండ్లుగల రబ్బరు పట్టాను, ఉక్కుమరను కూర్చి, కంప్యూటరు ఆజ్ఞ ననుసరించి కొయ్యను చెక్కు యంత్రములను తమ యిండ్లలోనే నిర్మించుకొనుచున్నారు. మోటారు క్రొత్తది, కంప్యూటరు క్రొత్తది. కాని మర త్రిప్పగా ఉలి తిన్నగా నడచుట, చక్రముల పండ్ల లెక్కచే ఆ నడక కొలతకు లోబడుట యనునవి రెండు వందల సంవత్సరములకు పూర్వమే మాడ్‌స్లే తన తరిమెనయందు చేసి చూపిన సంగతులు. కావున అతని జీవితమును తెలిసికొనుట యంత్రవిద్య నేర్వగోరు బాలురకే కాక తక్కినవారికిని ఉపయోగకరము.

బాల్యము

మాడ్‌స్లే 1771వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన లండను నగరమునకు తూర్పున, థేమ్సు నది యొడ్డున నున్న వుల్విచ్ అను ఊర జన్మించెను. అచ్చట ప్రభుత్వమువారి గొప్ప ఆయుధాగారము ఉండెను. తండ్రి పేరును హెన్రీయే. అతడు సైన్యమునందు బండిచక్రములు చేయు పనివాడై యుండి, యుద్ధమున గాయపడి, పిమ్మట ఆయుధాగారమున చేతిపనివాడుగా కుదురుకొనెను. అతని యేడుగురు బిడ్డలలో మన హెన్రీ అయిదవవాడు. 1780లో తండ్రి మరణించెను. అప్పటికి బాలుడు సుమారు తొమ్మిదేండ్ల ప్రాయమువాడు.

పెద్ద కుటుంబము, చిన్న రాబడి. అట్టి యింటి బాలునకు బడికంటె ముందు పని పిలుచును. పండ్రెండవ యేట హెన్రీ ఆయుధాగారమున తూటాలలో మందు నింపు కూలిగా చేరెను. రెండేండ్లకు వడ్రంగిశాలకు పంపబడెను. కాని అతని చూపు కొయ్యమీద నిలువలేదు. ప్రక్కనున్న కొలిమి కొట్టులో ఎఱ్ఱగా కాగిన ఇనుము సమ్మెటపోటులకు సాగుటయే అతని మనస్సును హరించెను. పదునైదవ యేట అతనిని కమ్మరిశాలకు మార్చిరి. అచ్చట కొలది కాలములోనే అతని చేయి వాసికెక్కెను. పొయ్యిపై గిన్నెలను నిలుపు ఇనుప ముక్కాలిని అతడు సన్నగా, తేలికగా, చూడముచ్చటగా చేయునట్టి నేర్పును చూచి పెద్దవారే మెచ్చుకొనుచుండిరి.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. ఆ కాలమున ఇంగ్లండులో కుఱ్ఱవాడు ఒక యజమానియొద్ద ఏడేండ్లు శిష్యరికము చేసినగాని పూర్తి పనివాడుగా ఎన్నబడడు. హెన్రీకి అట్టి శిష్యరికము లేదు. అతనికి గల యోగ్యతాపత్రము అతని చేతిపనియే.

తాళముల కొట్టు

ఆ రోజులలో లండనునందు జోసెఫ్ బ్రామా అను ప్రసిద్ధ యంత్రనిర్మాత యుండెను. అతడు 1784లో ఒక క్రొత్త రకపు తాళమునకు పేటెంటు పొందెను. దొంగచెవులతో తెఱవరానిదని దానికి పేరు. అయితే దాని లోపలి భాగములు మిక్కిలి సూక్ష్మములు. ఆకురాయితో చేత నరుగదీయుచు చేసినచో అది యెక్కువ వెలపడును, చౌకగా చేసినచో సరిగా నడువదు. చేతి నేర్పరియగు పనివానికై బ్రామా వెదకుచుండగా ఎవరో వుల్విచ్‌లోని కుఱ్ఱవాని పేరు చెప్పిరి.

1789లో మాడ్‌స్లే అతనియొద్దకు వచ్చెను. పదునెనిమిదేండ్ల పిల్లవానిని చూచి బ్రామా సందేహించెను. శిష్యరికము లేనివానిని తమతో సమానముగా నుంచినచో తక్కిన పనివారు సమ్మతింతురా యని కొట్టు మేస్త్రీయు సంశయించెను. అప్పుడు ఆ యువకుడు అచ్చట మూల నున్న అరిగిపోయిన వైసును చూపి, దాని దవడలకు క్రొత్త ఉక్కు అతికి, పదును పెట్టి, సాయంకాలములోగా బాగు చేసినయెడల తన్ను చేర్చుకొందురా యని యడిగెననియు, చెప్పిన గడువులోపలనే ముగించి మేస్త్రీచేతను పనివారిచేతను మెప్పు పొందెననియు అతని చరిత్రకారులు చెప్పుదురు.

బ్రామా కొట్టులో అతడు తాళముల భాగములను వేఱువేఱుగా చెక్కుటకు మాఱు, వానిని ఒకే కొలతతో చేయగల చిన్న యంత్రములను కల్పించెను. అందుచే వెల తగ్గెను, నాణ్యము పెరిగెను. బ్రామా తన దుకాణపు కిటికీలో ఒక తాళపుకప్పను వ్రేలాడగట్టి, దీనిని దొంగచెవితో తెఱచినవారికి 200 గినీలు బహుమాన మని ప్రకటించెను. ఆ కప్పను చేసినవాడు మాడ్‌స్లే. అది అరువది యేండ్లకు పైగా ఎవరికిని లొంగలేదు. తుదకు 1851లో, లండనున మహాప్రదర్శనము జరుగుచుండగా, హాబ్స్ అను అమెరికా తాళములవాడు పదునాఱు దినములలో ఏబదియొక్క గంటలు శ్రమపడి దానిని తెఱచెను. అప్పటికి దానిని చేసినవాడు గతించి ఇరువది యేండ్లాయెను.

1795లో బ్రామా నీటి ఒత్తిడిచే పని చేయు గొప్ప పీడనయంత్రమునకు పేటెంటు పొందెను. అందు లోపలి స్తంభము చుట్టు నీరు చిమ్మకుండ ఆపుట కష్టమై యుండెను. నీటి ఒత్తిడి పెరిగినకొలది తానే బిగియునట్టి తోలుకట్టును అమర్చి ఆ చిక్కు విడదీసిన ఖ్యాతి మాడ్‌స్లేకే చెల్లుచున్నది.

ఇంతటి పనివానికి వారమునకు ముప్పది షిల్లింగుల జీతము. 1791లో అతడు సారా టిండెల్ అను నామెను వివాహమాడెను. ఆమె బ్రామా గృహమున పరిచారికగా నుండినది. సంసారము పెరిగెను, జీతము పెరుగలేదు. ఎనిమిదేండ్లు పని చేసిన పిదప 1797లో అతడు జీతము హెచ్చింపుమని యడిగెను. బ్రామా నిరాకరించెను. మాడ్‌స్లే కలహింపలేదు, బ్రతిమాలలేదు. పని విడిచి, లండనులో ఆక్స్‌ఫర్డు వీథికి సమీపమున చిన్న కొట్టు ఒకటి అద్దెకు తీసికొనెను. పెట్టుబడి స్వల్పము, కుటుంబభారము అధికము. మొదట దొరికిన పని ఒక చిత్రకారుని పెద్ద పటములను నిలుపుటకు ఇనుప చట్రము. దానిని మనసు పెట్టి చేసి యిచ్చెను. పని చూచినవారు మఱియొక పని తెచ్చిరి.

తరిమెన

ఈ చిన్న కొట్టులోనే మాడ్‌స్లే తన పేరు నిలిపిన పనిని సాధించెను. దాని గొప్పదనము తెలియుటకు ఆనాటి తరిమెన యెట్లుండెనో తెలియవలెను. మన యూళ్ళలో మంచపుకోళ్ళను, బొంగరములను తరిమెన పట్టువానిని చూచియే యుందురు. కొయ్య తిరుగుచుండును, పనివాడు ఉలిని చేత పట్టుకొని దానికి ఆనించును. కొయ్య మెత్తనిది గనుక చేయి నిలుచును. ఇనుముపై అట్లు చేయుటకు ఎంత బలమును, ఎంత నిలుకడయు కావలయునో ఊహింపుడు. చేయి వణకిన చోట గీత వంకరయగును. పనివాడు అలసిన సాయంకాలపు పని ఉదయపు పనివలె నుండదు. మరమేకుల సంగతి మఱియు కష్టము. ఇనుపకడ్డీపై మరచుట్టును కంటిచూపుతో గీచి, ఆకురాయితో కోసి తీయవలసియుండెను. ఒకడు చేసిన మర మఱియొకని నట్టులో పట్టదు. ఒకడే చేసిన రెండు మరలైనను ఒకదానివలె మఱియొకటి యుండవు.

మాడ్‌స్లే ఉలిని చేతినుండి తీసి, ఇనుప పీఠమునందు బిగించెను. ఆ పీఠము సరళమైన ఇనుపదారి వెంట అటునిటు జారును. దానిని నడపుటకు తరిమెన పొడుగున ఒక దీర్ఘమైన మరను అమర్చెను. పని చేయబడు కడ్డీ తిరిగినపుడు దానితో కూడ పండ్లచక్రముల మూలమున ఆ మరయు తిరుగును, మర తిరిగినకొలది ఉలి సమముగా ముందునకు సాగును. ఇక వణకుటకు చేయి లేదు, అలసట లేదు. ఇంతకు పూర్వము జెస్సీ రామ్స్‌డెన్ మొదలగు నేర్పరులు ఇట్టి యత్నములు చేసియుండిరి. కాని జారుపీఠమును, దారిచూపు మరను, మార్చుకొనదగిన చక్రములను ఒక్కచోట దృఢమైన ఇనుముతో కూర్చి, దినదినము కర్మశాలలో వాడదగిన పనిముట్టుగా చేసినవాడు మాడ్‌స్లే. 1800 ప్రాంతమున అతడు చేసిన తరిమెన లండనులోని విజ్ఞాన ప్రదర్శనశాలవారి సంగ్రహమునకు చేరియున్నది.

ఇచ్చట బుద్ధిమంతుడగు బాలుడు ఒక ప్రశ్న వేయవలెను. మంచి మరను కోయుటకు మంచి మర కావలెనన్నచో, మొదటి మంచి మర యెచ్చటనుండి వచ్చెను? మాడ్‌స్లే మెత్తని పదార్థపు గుండ్రకఱ్ఱను త్రిప్పుచు, దానిపై చంద్రవంక వంటి కత్తిని కొంచెము ఏటవాలుగా ఆనించెను. కత్తి తన వాలు ననుసరించి తానే ముందునకు జరుగుచు మరచుట్టును గీచెను. అట్టివి పెక్కింటిని చేసి, వానిలో మేలైనదానిని ఏరుకొని, దానితో మఱియొకటి కోసి, తప్పును కొలిచి, దిద్ది, మరల కోసెను. ఒక్క దినమున వచ్చిన ఫలము కాదది. ఒక తప్పును సగము చేసి, ఆ సగమును మరల సగము చేసి, ఏండ్ల తరబడి చేసిన తపస్సు.

పిమ్మటి కాలమున అతడు అయిదడుగుల పొడవును రెండంగుళముల మందమును గల ఒక మరను చేసెను. దానిపై అంగుళమునకు 50 చుట్లు. దాని నట్టు పండ్రెండంగుళముల పొడవు గనుక ఒక్కసారిగా 600 చుట్లు దానిలో పట్టును. ఒక్క చుట్టులో సూక్ష్మదోష మున్నను తక్కిన చుట్లు దానిని సరిపెట్టును. ఖగోళశాస్త్రపు పరికరములయందు కొలతగీతలు గీయుటకు ఆ మర ఉపయోగపడెను.

వేగము తగ్గించుటలోని లాభము

మాడ్‌స్లే తరిమెనయందలి చక్రముల కీలకమును కొంచెము వివరించెదను. కడ్డీనుండి మరకు కదలికను చేర్చు చక్రములు రెండును సమానమైన పండ్లు కలవైనచో, కడ్డీ ఒకమారు తిరుగగా మరయు ఒకమారు తిరుగును. అప్పుడు కోయబడు మర మూలపు మరవలెనే యుండును. కడ్డీకి 20 పండ్ల చక్రమును, మరకు 40 పండ్ల చక్రమును తగిలించినచో కడ్డీ రెండుమారులు తిరిగినగాని మర ఒకమారు తిరుగదు. అప్పుడు కోయబడు చుట్లు రెండింతలు సన్ననివగును. ఇట్లు చక్రములను మాత్రము మార్చుచు ఒక్క తల్లిమరనుండి పెక్కు రకముల మరలను పుట్టింపవచ్చును.

వేగము తగ్గినప్పుడు సన్నదనమే కాక బలమును కలుగును. మన రాట్నమును చూడుడు. పెద్దచక్రము ఒకమారు తిరుగునప్పటికి కదురు పెక్కుమారులు తిరుగును. నడుమ నున్న త్రాడు ఒకదాని కదలికను మఱియొకదానికి చేర్చుచున్నది. అది వేగమును పెంచు విధము. దీనినే తలక్రిందు చేసి, చిన్నదానిని మనము త్రిప్పి పెద్దదానిచే పని చేయించినచో వేగము తగ్గును, త్రిప్పు బలము హెచ్చును. ఊరక వచ్చినది ఏమియు లేదు. పోగొట్టుకొన్న వేగమే బలమై తిరిగి వచ్చుచున్నది, రాపిడివలన పోవు కొంచెము తప్ప.

నేటి ఔత్సాహికుల చెక్కుడు యంత్రములయందు జరుగునదియు నిదియే. వానిలో వాడు ఒక రకపు మోటారు ఒక చుట్టును 200 అడుగులుగా వేయును. అట్టి మోటారును, చుట్టునకు అయిదు మిల్లీమీటర్లు నడచు మరకు నేరుగా తగిలించినచో ఒక్కొక్క అడుగునకు ఉలి మిల్లీమీటరులో నలువదవ వంతు జరుగును. మోటారునకు 20 పండ్ల గిలకను, మరకు 60 పండ్ల గిలకను పెట్టి నడుమ పండ్లపట్టాను తగిలించినచో మర ఒక చుట్టు తిరుగుటకు మోటారు 600 అడుగులు వేయవలెను. అప్పుడు ఒక్కొక్క అడుగునకు ఉలి జరుగునది మిల్లీమీటరులో నూటయిరువదవ వంతు. త్రిప్పు బలము ఇంచుమించు మూడింతలు. వేగము మాత్రము మూడవ వంతు.

పట్టాకును పండ్లచక్రమునకును గల భేదమును గూడ తెలిసికొనవలెను. సాదా తోలుపట్టా మెత్తగా, చప్పుడు లేక నడచును. పని ఎచ్చటనైన తగులుకొన్నచో అది జారి యంత్రమును కాపాడును. కాని జారినచో లెక్క తప్పును. కావున మాడ్‌స్లే లెక్క తప్పరాని చోట, అనగా కడ్డీకిని మరకును నడుమ, పండ్లచక్రములనే యుంచెను. అయితే పండ్లచక్రములకును ఒక లోపము కలదు. పంటికిని పంటికిని నడుమ కొంత వదులు లేక అవి తిరుగవు. దిక్కు మార్చినపుడు ఆ వదులు తీరువఱకు మర కదలదు. ఇరువదవ శతాబ్దమున వచ్చిన పండ్లపట్టా ఈ రెండింటి మేలును కొంతవఱకు కలుపుచున్నది. అది జారదు, వదులును స్వల్పము. కాని దానిని తగినంత బిగువుగా నుంచవలెను, గిలకలు రెండును ఒక్క వరుసలో నుండవలెను. లేనిచో పట్టా అంచు అరిగిపోవును.

ఇంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. అడుగులు ఎంత సన్ననివైనను మర దోషము గలదైనచో పని దోషముగానే వచ్చును. యంత్రము తన యజమానుని నేర్పును ఎంత నమ్మకముగా అనుకరించునో అతని తప్పును అంతే నమ్మకముగా అనుకరించును. వేయి వస్తువులు చేసినచో వేయింటను ఆ తప్పు నిలుచును. మాడ్‌స్లే మొదటి మరకై ఏల అంత పాటుపడెనో దీనివలన తెలియగలదు.

కప్పీల కర్మాగారము

మాడ్‌స్లే తన కొట్టు కిటికీలో చక్కని మరనొకదానిని ప్రదర్శనకై యుంచెను. ఫ్రాన్సుదేశమునుండి వలసవచ్చినవా డొకడు దానిని చూచి ఆనందించి, తన దేశీయుడే యగు మార్క్ ఇజంబార్డ్ బ్రూనెల్‌తో చెప్పెను. బ్రూనెల్ అప్పుడు ఒక గొప్ప యోచనను మనస్సున పెట్టుకొని, దానిని ఇనుముతో నిజము చేయగలవానికై వెదకుచుండెను.

ఆ కాలపు యుద్ధనౌకలు తెరచాపలచే నడచుచుండెను. చాపల త్రాళ్ళను లాగుటకు కొయ్యకప్పీలు కావలెను. 74 ఫిరంగులుగల ఒక్క నౌకకు సుమారు వేయి కప్పీలు కావలసియుండెను. నౌకాదళమువారికి ఏటేట లక్ష కప్పీలు అవసరమాయెను. వీనినన్నిటిని చేతిపనివారే చేయుచుండిరి. బ్రూనెల్ ఈ పనిని చిన్న చిన్న భాగములుగా విడదీసి, ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క యంత్రమును కల్పించెను. కొయ్యను కోయుట కొకటి, రంధ్రము పెట్టుట కొకటి, గాడి తొలుచుట కొకటి, అంచులు గుండ్రము చేయుట కొకటి, ఈ రీతిగా. నౌకాదళపు పనుల పర్యవేక్షకుడగు శామ్యూల్ బెంథాం ఈ యోచనను ఆదరించెను. యంత్రములను చేయు భారము మాడ్‌స్లేపై పడెను.

1802 మొదలు సుమారు ఆఱేండ్లు అతడు ఈ పనిలో మునిగియుండెను. మొత్తము 45 యంత్రములు దాదాపు పూర్తిగా లోహముతో చేయబడినవి. పోర్ట్స్‌మత్ రేవునందు వానిని నిలిపిరి. ఆవిరియంత్రము పైకప్పు క్రింద నున్న పొడుగైన ఇరుసులను త్రిప్పును. ఆ యిరుసులనుండి తోలుపట్టాలు దిగి ఒక్కొక్క యంత్రమును నడపును. చిన్న గిలకనుండి పెద్ద గిలకకు, పెద్దదానినుండి చిన్నదానికి పట్టాను చేర్చి, ఒకే ఆవిరియంత్రపు వేగమును ఏ పనికి తగినట్లు ఆ పనికి హెచ్చించిరి, తగ్గించిరి. 1808లో ఆ కర్మాగారము 1,30,000 కప్పీలను చేసెను. పూర్వము 110 మంది నేర్పరులు చేయు పనిని పది మంది సామాన్యులు చేయగలిగిరి. ఆ యంత్రములలో కొన్ని ఇరువదవ శతాబ్దపు నడిమివఱకును పని చేసినవి.

ఈ సంఖ్యలు చదివి సంతోషించువారు వాని రెండవ ప్రక్కను గూడ చూడవలెను. పది మంది చాలినపుడు తక్కిన నూరుగురి చేతులకు ఆ పని లేకపోయెను. ఏండ్ల తరబడి నేర్చిన విద్య ఒక్కమారుగా వెలలేనిదగుట ఆ యింటివారికి చిన్న సంగతి కాదు. మన దేశమున మగ్గములవారును ఈ దుఃఖమును ఎఱుగుదురు. యంత్రము మనుష్యుని అలసటను తీర్చుటయు నిజమే, అతని యన్నమును తీసికొనుటయు నిజమే. అయితే అదే సమయమున ఆ యంత్రములను చేయుటకును, బాగు చేయుటకును పూర్వము లేని క్రొత్త వృత్తి యొకటి పుట్టెను. ఆ వృత్తి నేర్పిన తొలి బడులలో మాడ్‌స్లే కొట్టు మిక్కిలి పేరుపొందినది. యంత్రము తెచ్చు మేలు, ముందుగా నష్టపడినవానికే చేరునట్లు చూచు బాధ్యత యంత్రమునకు లేదు. అది మనుష్యులది.

కొలత

1810లో మాడ్‌స్లే లాంబెత్ అను పేటలో, పూర్వము గుఱ్ఱపుస్వారి నేర్పిన శాల యుండిన చోట, పెద్ద కర్మాగారమును స్థాపించెను. జాషువా ఫీల్డ్ అను నతడు భాగస్వామి యయ్యెను. పిమ్మట కుమారులును చేరిరి.

అచ్చట పనివారి బల్లలపై సమతలముగా నునుపు చేసిన లోహపు పలకలుండెడివి. తాము చేసిన తలము చదునుగా నున్నదో లేదో దానిపై నుంచి వెంటనే చూచుకొనవలెను. ఊహకు తావు లేదు. కొలతలో వాదము వచ్చినపుడు తీర్పు చెప్పుటకు మాడ్‌స్లే తన బల్లపై ఒక కొలతపరికరమును ఉంచుకొనెను. అందును ఒక మరయే ప్రాణము. అది అంగుళములో పదివేలవ వంతును చూపును. తలవెండ్రుక మందమును ఇరువది ముప్పది భాగములు చేసినచో అందొక భాగమంత. ఇంగ్లండున అందఱికంటె పెద్ద న్యాయాధికారి పేరుతో దానిని లార్డ్ ఛాన్సలర్ అని పిలిచిరి. దానిపై అప్పీలు లేదన్నమాట. ఆ తీర్పు యజమానునకును వర్తించును, పనివానికిని వర్తించును.

తన కర్మాగారమున నట్టులకును, మరమేకులకును అతడు నిశ్చితమైన కొలతలు ఏర్పఱచెను. అంతకు పూర్వము యంత్రము విప్పినపుడు ఏ నట్టు ఏ మరకు చెందినదో గుర్తు పెట్టుకొనవలసియుండెను. గుర్తు చెడినచో అంతయు గందరగోళము. ఇప్పుడు ఏ నట్టైనను అదే కొలతగల ఏ మరకైనను పట్టసాగెను.

శిష్యులు

మాడ్‌స్లే గొప్ప గ్రంథము లేవియు వ్రాయలేదు. అతని గ్రంథములు అతని శిష్యులే. రిచర్డ్ రాబర్ట్స్ నూలువడుకు యంత్రమును స్వయంచాలకముగా చేసెను. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరచుట్లకు ఒక కొలతపద్ధతిని ప్రతిపాదింపగా అది క్రమముగా ఇంగ్లండు అంతటను వ్యాపించెను. జోసెఫ్ క్లెమెంట్ కొంతకాలము ఆ కర్మాగారమున ముఖ్య నమూనాచిత్రకారుడై యుండెను. గణితవేత్త చార్లెస్ బాబేజ్ తలపెట్టిన లెక్కలు కట్టు యంత్రమును లోహముతో చేయుటకు పిమ్మట నియుక్తుడైనవాడు ఈ క్లెమెంటే. దాని యొక భాగము 1832లో పూర్తియయ్యెను. నేటి కంప్యూటరునకు పూర్వులలో ఆ లెక్కలయంత్ర మొకటి. కంప్యూటరును తరిమెనయు నేడు ఒక్క బల్లపై కలిసి పని చేయుచున్నవి గదా. వాని పూర్వికుల చరిత్రము ఒకే కర్మాగారపు గడప యొద్ద కలిసికొనుట చిత్రము.

జేమ్స్ నాస్మిత్ కథ విద్యార్థులకు రుచించును. అతడు ఎడింబరో నగరమునందలి చిత్రకారుని కుమారుడు. 1829లో తన చేత చేసిన చిన్న ఆవిరియంత్రపు నమూనాను, చిత్రములను పట్టుకొని, తండ్రితో లండనునకు వచ్చెను. సొమ్ము చెల్లించి పని నేర్వవచ్చిన ధనికుల బిడ్డలవలన విసిగి, మాడ్‌స్లే అట్టి శిష్యులను చేర్చుకొనుట మానియుండెను. నాస్మిత్ నిరాశపడినను, కర్మాగారమును చూచుచు, కొలిమి బూడిద నెత్తు పనియైనను తనకు చాలునని తెలిపెను. ఆ మాటకు పెద్దాయన మనస్సు కరగెను. మఱునాడు నమూనాను చూచి, ఇతనికి శిష్యరికము అక్కఱలేదని చెప్పి, తన సొంత పనిగదిలోనే సహాయకునిగా పెట్టుకొనెను. జీతము వారమునకు పది షిల్లింగులు. తండ్రికి భారము కాకూడదని నాస్మిత్ ఆ పది షిల్లింగులతోనే జీవింపదలచి, దీపపు సెగపై వంట వండు చిన్న పొయ్యిని తానే కల్పించుకొనెను. ఆవిరిసమ్మెటను కల్పించి లోకప్రసిద్ధుడైన నాస్మిత్ ఇతడే.

తాను జీతము హెచ్చింపుమని యడిగి కాదనిపించుకొన్న దినమును మాడ్‌స్లే శిష్యులయెడ చేదుగా తీర్చుకొనలేదు. తనకు తెలిసినది దాచుకొనలేదు. ఏ వస్తువు చేయదలచినను ముందు దాని రూపమును మనస్సున స్పష్టముగా చూడవలెననియు, అక్కఱలేని లోహమును ఒక తులమైనను ఉంచరాదనియు, చిక్కుపని కంటె సులభమైన పనియే మేలనియు వారికి బోధించుచుండెను. యజమానుడైన పిదపను స్వయముగా ఆకురాయి పట్టుటయందు అతనికి సంతోషము. ఆఱడుగులకు మించిన ఎత్తరి, దృఢకాయుడు, సంగీతప్రియుడు. పనివారు అతనికి భయపడుట కంటె అతని కన్నునకు భయపడిరి. ఆ కన్ను తప్పును దాటిపోదు.

కడపటి దినములు

లాంబెత్ కర్మాగారము నౌకల ఆవిరియంత్రములకు ప్రసిద్ధి కెక్కెను. మన దేశముతో దానికొక సంబంధము కలదు. ఇంగ్లండునుండి హిందూదేశమునకు వచ్చిన మొదటి ఆవిరినౌక ఎంటర్‌ప్రైజ్. 1825 ఆగస్టులో ఫాల్మత్ రేవు విడిచి, కొన్ని దినములు ఆవిరిచేతను కొన్ని దినములు తెరచాపలచేతను నడచి, ఆ డిసెంబరులో కలకత్తా చేరెను. దాని యంత్రములు మాడ్‌స్లే కర్మాగారమువారివి. ఆ సంవత్సరముననే బ్రూనెల్ థేమ్సు నది క్రింద సొరంగము త్రవ్వుటకు ఆరంభించెను. త్రవ్వువారిని మట్టి కూలకుండ కాపాడిన గొప్ప ఇనుప కవచమును చేసి యిచ్చినదియు ఈ కర్మాగారమే.

1831వ సంవత్సరారంభమున మాడ్‌స్లే వ్యాధిగ్రస్తుడగు మిత్రునొకనిని చూచుటకు ఫ్రాన్సునకు పోయెను. తిరిగి వచ్చునప్పుడు సముద్రముపై చలి సోకెను. కొలది వారములు మంచమున నుండి, ఫిబ్రవరి 14వ తేదీన తన యేబదితొమ్మిదవ యేట కన్ను మూసెను. పుట్టిన వుల్విచ్‌లోనే, సెయింట్ మేరీ మాగ్డలీన్ దేవాలయపు ఆవరణమున, తాను ముందుగా రూపొందించుకొన్న పోతయినుప సమాధిలో నతనిని ఉంచిరి. తూటాలలో మందు నింపిన బాలుడు ఆ యూరికే తిరిగి వచ్చెను.

మాడ్‌స్లే రాజ్యము జయింపలేదు, గొప్ప ఐశ్వర్యమునకు ప్రాకులాడలేదు. జారుపీఠమునుగాని మర కోయు తరిమెననుగాని ఎవరును అనుకరింపరాదని పేటెంటుచే కట్టుకొనలేదు. అతడు చేసినదెల్ల ఒక్క మరను నిర్దుష్టముగా చేయుట. ఆ మరనుండి మఱియొకటి, దానినుండి వేయి, ఆ వేయింటినుండి నేటి లోకపు యంత్రములు. ఇంటి కొట్టులో పండ్లపట్టాను బిగించి, గిలకల పండ్లు లెక్కించి, తన చిన్న యంత్రము మొదటి గీతను కొయ్యపై గీయగా కొలబద్దతో కొలిచి, వెండ్రుకవాసి తప్పుండగా దానిని విప్పి మరల అమర్చు బాలుడు మాడ్‌స్లే శిష్యులలో చేరినవాడే. ఎవరును చూడరుగదా యని ఆ తప్పును విడిచిపెట్టినచో, యంత్రము దానిని మఱువదు. చేసిన ప్రతి వస్తువునందును దానిని వ్రాసి చూపును.